బాతు పుర్రె, పెద్దబాతు పుర్రె: శుభ్రం చేసి పోల్చి చూడటం ఎలా

మొదలుపెట్టడానికి రెండు తలలు చాలు. ఒకటి ముదురు బాతుది, రెండోది పెద్దబాతుది. పెద్దబాతు అంటే ఫామ్‌హౌస్ గేటు దగ్గర మెడ చాచి బుసకొడుతూ మీదికి వచ్చేదే. రెండు పుర్రెలూ తయారై బల్ల మీద పక్కపక్కన ఉంటే, ఒకటి బురద నీళ్లు వడకట్టుకుని బతికేదనీ, ఇంకొకటి గడ్డి తెంపుకుని బతికేదనీ ఎముకలు చూసే చెప్పేయొచ్చు. కానీ అందుకు పుర్రె వంకర పోకూడదు, గోరంత ఎముక కూడా పారిపోకూడదు, అది ఏ పక్షిదో రాసి ఉండాలి. ఉడకబెట్టి, గీకి, షోకేసులో పెట్టుకునే పుర్రె వేరు. పోల్చడానికి పనికొచ్చే పుర్రె వేరు. ఇక్కడ చెప్పేది రెండో దాని గురించి.

ఏ తల తెచ్చుకోవచ్చు

చలికాలంలో మన చెరువులకు బయటి దేశాల బాతులు వస్తాయి. నల్లగొండ పక్కన పానగల్ ఉదయసముద్రం, పాలమూరు వైపు కోయిల్‌సాగర్, జూరాల లాంటి చోట్ల కట్ట మీద నిలబడితే సూదితోక బాతులు, చెంచా మూతి బాతులు చూడొచ్చు. వాటిని చూడటం వరకే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవి బాతును వేటాడటమే కాదు, దాని శరీర భాగాన్ని అనుమతి లేకుండా దగ్గర పెట్టుకోవడమూ నేరమే. కట్ట కింద దానంతట అదే చచ్చి పడి ఉన్నా, ఎండి పుర్రె మాత్రమే మిగిలినా అది ప్రభుత్వ ఆస్తి. ఫోటో తీసుకోండి, అటవీ శాఖ వాళ్లకు చెప్పండి, అక్కడే వదిలేయండి. "ఎవరు చూస్తారులే" అనేవాళ్లు ప్రతి ఊళ్లో ఉంటారు. వాళ్ల మాట వినకండి.

పెంపుడు బాతులకు ఈ గొడవ లేదు. సాగర్ ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హాలియా వైపు వరి కోతలు అయ్యాక, రాలిన గింజల కోసం బాతుల మందలను తోలుకొస్తారు. మందలో గుడ్లు మానేసిన ముదురు బాతులను కూరకు అమ్ముతారు. "అన్నా, బాతు మీరే తీసుకోండి, తల మాత్రం నాకివ్వండి" అని కొనేవాళ్లను అడిగితే వింతగా చూస్తారు గానీ కాదనరు. వారపు అంగడిలో కోళ్ల వరుస చివర కూడా అప్పుడప్పుడు దొరుకుతాయి. పెద్దబాతు దొరకడం మాత్రం కష్టం, ఎందుకంటే మన దగ్గర దాన్ని కోసుకు తినేవాళ్లు తక్కువ, కాపలాకే పెంచుతారు. షాద్‌నగర్, జడ్చర్ల వైపు తోటలు, ఫామ్‌హౌసులు చూసుకునే వాచ్‌మన్‌లకు ముందే చెప్పి పెట్టండి. కుక్క కరిచో, ముసలిదై పోయో ఏదో ఒకటి దొరుకుతుంది.

ఇక్కడొక ముఖ్యమైన మాట. ఉన్నట్టుండి చనిపోయిన పక్షి తల, ఒకే చోట రెండు మూడు చచ్చిన మందలోని తల ఎట్టి పరిస్థితిలోనూ తీసుకోకండి. 2025 మొదట్లో తెలుగు రాష్ట్రాల్లో బర్డ్ ఫ్లూ వచ్చిన సంగతి గుర్తుండే ఉంటుంది. కోళ్లయితే ఆ జబ్బుకి టపటపా రాలిపోతాయి. బాతుల్లో కొన్నిసార్లు వైరస్ ఉన్నా పైకి ఏమీ కనబడదు. అందుకే ఆరోగ్యంగా ఉన్న బాతును కోసిన తల అయినా గ్లవ్స్, మాస్క్ లేకుండా ముట్టుకోవద్దు. వంటింటి సింకులో కడగొద్దు. ఇంట్లో కోళ్లుంటే వాటి దరిదాపులకు తేవొద్దు. అనుమానాస్పదంగా చచ్చిన పక్షులు కనబడితే పశువుల ఆసుపత్రిలో చెప్పాలి.

వయసు కూడా చూసుకోవాలి. మాంసానికి పెంచే తెల్ల పెకిన్ బాతులను రెండు నెలల లోపే కోసేస్తారు. అప్పటికి పుర్రె ఎముకలు ఒకదానితో ఒకటి పూర్తిగా అతుక్కోవు, నీళ్లలో నానగానే విడిపోతాయి. ఏడాది దాటిన పక్షి అయితే తల ఒకే గట్టి డిప్పలా వస్తుంది.

కోసేవాళ్లకు రెండు విషయాలు చెప్పండి. తల మీద కొట్టకూడదు. మెడను తల వెనకాలే కాకుండా నాలుగు వేళ్లు కిందికి కోయాలి. పుర్రె వెనక భాగం, దవడ వెనక కొస రెండూ మనకు కావాలి, కత్తి సరిగ్గా అక్కడే పడుతుంది. వీలైతే గొంతు గొట్టాన్ని కూడా, ఛాతీలో రెండుగా చీలే చోటు వరకు ఇవ్వమనండి. ఎందుకో తర్వాత చెబుతాను.

నీళ్లలో వేయకముందే చేయాల్సినవి

చాలామంది దాటేసే మెట్టు ఇదే. బాతు ముక్కు అంచుల్లో దువ్వెన పళ్లలా సన్నటి గీతలుంటాయి. అవి ఎముకవి కావు, ముక్కును కప్పి ఉన్న తొడుగువి. తల కుళ్లినప్పుడు తొడుగు ఊడిపోతుంది, దానితో పాటు పళ్లూ పోతాయి. తర్వాత ఎంత వెతికినా పుర్రె మీద కనబడవు. కాబట్టి ముందే నోరు తెరిచి, మధ్యలో అగ్గిపుల్ల నిలబెట్టి, పక్క నుంచి, కింద నుంచి దగ్గరగా ఫోటోలు తీయండి. ఫ్రేములో స్కేలు తప్పకుండా ఉండాలి. పెద్దబాతు నోరు కూడా ఇలాగే తీయండి: దాని అంచులు దువ్వెనలా ఉండవు, రంపంలా మొరటుగా, గట్టిగా ఉంటాయి. నాలుక అంచులకు కూడా ముళ్లలాంటివి కనిపిస్తాయి. గడ్డి జారిపోకుండా పట్టేది అవే.

ఆ తర్వాత వివరాలు రాయండి: తేదీ, ఊరు, మండలం, ఏ రకం, ఆడా మగా, సుమారు వయసు, ఎలా చనిపోయింది. బాతుల్లో మగదానికి తోక మీద ఈకలు పైకి చుట్టుకుని ఉంటాయి, గొంతు బొంగురు. బిగ్గరగా క్వాక్ క్వాక్ అనేది ఆడదే. ఇవన్నీ తల ఒక్కటే చేతికొచ్చాక తెలియవు, అమ్మేవాళ్లను అక్కడే అడగాలి. వివరాలన్నీ నోటుపుస్తకంలో ఒక నంబరు కింద రాసి, ఆ నంబరును కూల్‌డ్రింక్ టిన్ను రేకు ముక్క మీద మేకుతో గీసి తలకు కట్టండి. కాగితం చీటీ కుళ్లు నీళ్లలో నిలవదు.

ఇప్పుడు చర్మం ఒలిచి, మందంగా ఉన్న కండను చేతికి వచ్చినంత వరకు తీసేయండి. కత్తితో ఎముక దాకా గీకకండి. కంటి కింద ముక్కు నుంచి దవడ కీలు దాకా అగ్గిపుల్ల కన్నా సన్నటి ఎముక ఒకటి ఉంటుంది, అది చిటుక్కున విరుగుతుంది. కళ్లు కూడా పీకకండి. పక్షి కన్ను లోపల చిన్న చిన్న ఎముక పలకలతో చేసిన ఉంగరం ఉంటుంది, నానితే అదే బయటికి వస్తుంది. మెదడును మాత్రం వెనక రంధ్రం గుండా వంచిన తీగతో కదిపి, సిరంజితో నీళ్లు కొట్టి తీసేస్తే వాసన చాలా తగ్గుతుంది.

నానబెట్టడం

ఉడకబెట్టొద్దు. కుక్కర్ అసలే వద్దు. ఉడికితే కొవ్వు ఎముకలోకి ఇంకి పసుపు మరక పడుతుంది, పలుచటి ఎముకలు వంకర పోతాయి, కొలతలు మారతాయి. చల్లటి నీళ్లలో కుళ్లనివ్వడమే మంచి పద్ధతి. పని చేసేది సూక్ష్మజీవులు, మనం చేయాల్సింది వాటికి అడ్డం రాకుండా ఉండటమే.

తలను పాత దోమతెర గుడ్డ సంచిలో కట్టి, వెడల్పు మూతి ప్లాస్టిక్ డబ్బాలో వేసి, మునిగేలా నీళ్లు పోయండి. ఒక డబ్బాకు ఒక తలే. రెండు తలలు కలిపితే చిన్న ఎముకలు ఏది దేనిదో తేల్చుకోలేరు. బోరు నీళ్లు పర్వాలేదు. మిషన్ భగీరథ నీళ్లయితే క్లోరిన్ ఉంటుంది కాబట్టి ఒక రాత్రి మూత తీసి పెట్టి వాడండి. మూత బిగించకండి, లోపల గ్యాస్ పుడుతుంది. డబ్బాను ఇంటికి దూరంగా, నీడలో, పైన బరువైన రాయి పెట్టి ఉంచండి. కుక్కలు, పిల్లులు, కోతులు దేన్నైనా ఎత్తుకుపోతాయి.

నాలుగైదు రోజులకోసారి సగం నీళ్లు టీ జల్లెడ గుండా చెట్ల పాదుల్లో వంపి, మళ్లీ నింపండి. మొత్తం పారబోస్తే పని చేసే సూక్ష్మజీవులూ పోతాయి. మన ఎండాకాలంలో ఒకటి రెండు వారాల్లో పనైపోతుంది. డిసెంబరు, జనవరిలో నెల కూడా పట్టొచ్చు. ముక్కు తొడుగు చేత్తో జారిపోయి, ఎముక మీద జిగురు లేకుండా ఉంటే అయినట్టే. వాసన సంగతి మాత్రం ఇంట్లోవాళ్లకు ముందే చెప్పండి, లేదంటే డబ్బా మీరు లేనప్పుడు మాయమవుతుంది.

భూమిలో పాతిపెట్టడం కొందరికి తేలికనిపిస్తుంది. నల్లరేగడిలో పెడితే మట్టి బిగుసుకుని ఎముకలు విరుగుతాయి, ఎర్ర చెల్కలో పెడితే రంగు ఎక్కుతుంది, చీమలు చిన్న ఎముకలను మోసుకుపోతాయి. తప్పనిసరైతే ఇసుక నింపిన కుండలో పెట్టండి.

కొవ్వు, తెలుపు

నీటి పక్షుల ఎముకల్లో కొవ్వు ఎక్కువ. ఎండినప్పుడు తెల్లగా కనబడిన పుర్రె నెల తిరిగేసరికి పసుపు పచ్చగా, జిడ్డుగా మారితే కొవ్వు మిగిలినట్టు. గోరువెచ్చటి నీళ్లలో గిన్నెలు కడిగే లిక్విడ్ వేసి నానబెట్టి, నీళ్లు మసకబారినప్పుడల్లా మార్చండి. చేయి పెట్టలేనంత వేడి వద్దు. కోడి పుర్రెకు కొద్ది రోజులు సరిపోతాయి గానీ, బలిసిన పెద్దబాతుకు వారాలు పడుతుంది. తొందరపడకండి.

తెల్లబరచడానికి మెడికల్ షాపులో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడ్ చాలు. సీసా మీద శాతం చూసి, 6 శాతమైతే అంతే నీళ్లు కలిపి, మూత వదులుగా పెట్టి ఒక రోజు ఉంచండి. నంబరు రేకు ముందే తీసేసి డబ్బాకు అతికించండి. బ్లీచింగ్ పౌడర్, బాత్రూమ్ క్లీనర్ లాంటివి వాడితే ఎముక తర్వాత తర్వాత సున్నంలా రాలిపోతుంది. నల్లగొండ బోరు నీళ్లు ఎంత చవుడో చెప్పక్కర్లేదు. ఆ నీళ్లతో చివరి కడుగు కడిగితే ఆరాక ఎముక మీద తెల్లటి పొర మిగిలి సన్నటి రంధ్రాలు మూసుకుపోతాయి. చివరిసారి మాత్రం క్యాన్ నీళ్లలోనో, పట్టిన వాననీళ్లలోనో ముంచి తీసి, నీడన ఆరబెట్టండి. విడిపోయిన ముక్కలను ఫెవికాల్ లాంటి తెల్ల జిగురుతో అతికించండి. తప్పు పడితే నానబెట్టి మళ్లీ ఊడదీయొచ్చు. ఫెవిక్విక్‌తో ఆ వీలు ఉండదు.

ఇప్పుడు పోల్చండి

ఒక ట్రేలో ఇసుక పోసి, రెండు పుర్రెలను ఒకే తీరుగా నిలబెట్టండి. ముందు పై నుంచి చూడండి. బాతు ముక్కు ఎముక చప్పిడిగా, కొస వైపు అదే వెడల్పుతో, లేదా ఇంకాస్త వెడల్పుగా సాగుతుంది. పెద్దబాతుది మొదట్లో వెడల్పుగా ఉండి కొసకు సన్నబడుతుంది. పక్క నుంచి చూస్తే తేడా ఇంకా బాగా తెలుస్తుంది: పెద్దబాతు ముక్కు మొదలు లోతుగా, దిట్టంగా ఉంటుంది, బాతుది పలుచగా ఉంటుంది. గడ్డి పరకను పట్టి లాగి తెంపాలంటే బలం కావాలి. నీళ్లు పీల్చి అంచుల్లోంచి వదలాలంటే వెడల్పు కావాలి. ముక్కు రంధ్రాలు కూడా చూడండి. బాతుకి అవి నుదుటి దగ్గరగా ఉంటాయి, పెద్దబాతుకి ముక్కు నడిమి వైపు జరిగి ఉంటాయి.

ముక్కు కొసను భూతద్దంతో చూడండి. ఎముక నిండా సూదితో పొడిచినట్టు రంధ్రాలుంటాయి. వాటిలోంచి నరాలు ముక్కు తొడుగులోకి పోతాయి. బురదలో ఏమీ కనబడకపోయినా గింజేదో రాయేదో బాతు ముక్కుతోనే తడిమి తెలుసుకుంటుంది. పక్కన కోడి పుర్రె పెట్టి చూస్తే తేడా స్పష్టంగా తెలుస్తుంది. కోడి తల దొరకడం సమస్య కాదు కాబట్టి మూడో పుర్రెగా దాన్ని తప్పకుండా చేర్చుకోండి.

నుదురు, ముక్కు కలిసే చోట ఎముక పలుచటి రేకులా ఉంటుంది. పచ్చిగా ఉన్నప్పుడు అది వంగుతుంది, అంటే పక్షి కింది దవడే కాదు, పై ముక్కును కూడా కొంచెం పైకి ఎత్తగలదు. ఎండిన పుర్రెలో వంచి చూడాలని ప్రయత్నించకండి, విరుగుతుంది.

నాకు అన్నిటికన్నా నచ్చేది కింది దవడ. కీలు దగ్గరితో అది ఆగిపోదు, దాటి వెనక్కి సాగి పైకి వంగిన కత్తిలాంటి కొసతో ముగుస్తుంది. నోరు తెరిచే కండ పట్టుకునేది అక్కడే. మన నోరైతే వదిలేస్తే తెరుచుకుంటుంది; బురదలో ముక్కు దూర్చిన బాతు మాత్రం బురదను తోసుకుంటూ నోరు తెరవాలి. పెంపుడు పావురం దవడ పక్కన పెట్టి చూస్తే దానికి ఇంత కొస ఉండదు. కోడికి మాత్రం ఉంటుంది. పుర్రెను తిరగేసి చూస్తే, అంగిలి మధ్య కాడకు రెండు పక్కలా కోలగా, నున్నగా రెండు గుర్తులు బాతులోనూ కోడిలోనూ కనిపిస్తాయి. అంగిలి ఎముకలు వాటి మీద జారుతూ కదులుతాయి. ఇలాంటి గుర్తుల వల్లే కోళ్లనూ బాతులనూ దగ్గరి చుట్టాలుగా లెక్కిస్తారు. బెల్జియంలో దొరికిన 6 కోట్ల 67 లక్షల ఏళ్ల నాటి ఆస్టెరియోర్నిస్ అనే పక్షి శిలాజాన్ని 2020లో ప్రకటించారు. దాని పుర్రెలో కోడి లక్షణాలు, బాతు లక్షణాలు కలిసి ఉన్నాయి.

వెనక వైపు తిప్పితే, వెన్నుపాము దిగే పెద్ద రంధ్రానికి పైన రెండు పక్కలా రెండు చిన్న కిటికీలు కనిపించొచ్చు. అవి మీ కత్తి దెబ్బలు కావు, బాతు జాతికి సహజంగా ఉండేవే.

పెద్దబాతుల విషయంలో ఒక చిక్కుంది. పెంపుడు పెద్దబాతులు రెండు వేర్వేరు అడవి జాతుల నుంచి వచ్చాయి: ఒకటి గ్రేలాగ్, రెండోది స్వాన్ గూస్. నుదుటి మీద ముక్కు మొదట్లో గడ్డలా ఉబ్బు ఉన్నవి స్వాన్ గూస్ వైపువి, ఆ ఉబ్బు కింద ఎముక కూడా లేచి ఉంటుంది. రెండు రకాలూ కలిసి పిల్లలు పెడతాయి, ఆ పిల్లలు మళ్లీ పెడతాయి. అందుకే ఫామ్‌హౌస్ మందలో మధ్యరకం పుర్రెలు దొరుకుతాయి. అది ఏ రకమని అడిగితే యజమాని చెప్పేదాని కన్నా, బతికున్నప్పటి ఫోటోనే నమ్మదగ్గది.

గొంతు గొట్టం తెచ్చుకున్నారా? మగ బాతుకి గొట్టం రెండుగా చీలే చోట, ఎడమ వైపు గోలీకాయంత ఎముక బుడగ ఉంటుంది. ఆడదానికి ఉండదు, పెద్దబాతుల్లో మగదానికీ ఉండదు. మీరు నోటుపుస్తకంలో రాసిన "మగ" నిజమో కాదో తేల్చేది అదే. శుభ్రం చేసి అదే నంబరుతో దాచండి.

కొలతలు

డిజిటల్ వెర్నియర్ కాలిపర్ ఒకటి కొనండి, ప్లాస్టిక్‌దైతే ఎముక గీరుకుపోదు. కొలవాల్సినవి: ముక్కు కొస నుంచి తల వెనక దాకా మొత్తం పొడవు; ముక్కు కొస నుంచి నుదుటి మడత దాకా; ముక్కు వెడల్పు మొదట్లో, కొసకు దగ్గర; మొదట్లో ముక్కు లోతు; రెండు కళ్ల మధ్య అతి సన్నటి చోటు; కింది దవడ పొడవు; కీలు వెనక కొస పొడవు. ప్రతిదీ మూడుసార్లు కొలిచి సగటు రాయండి. పెద్దబాతు ఎలాగూ పెద్దదే కాబట్టి మిల్లీమీటర్లను నేరుగా పోలిస్తే ఏమీ తేలదు. ముక్కు లోతును ముక్కు వెడల్పుతో భాగించండి, ముక్కు పొడవును మొత్తం పొడవుతో భాగించండి. ఆ నిష్పత్తులనే పోల్చాలి.

పది రకాలవి ఒక్కొక్కటి పోగేసే కన్నా, ఒకే రకానివి ఐదారు పోగేయడం మేలని నా అభిప్రాయం. ఒకే మందలోని బాతుల మధ్య ఎంత తేడా ఉంటుందో తెలియకుండా, రెండు రకాల మధ్య తేడా గురించి ఏం చెప్పినా అది ఊహే. చూసేవాళ్లకు బోర్ కొట్టొచ్చు, పర్వాలేదు.

పుర్రెలను మూత గట్టిగా పట్టే డబ్బాల్లో, దూది మీద పెట్టి, లోపల సిలికా జెల్ పొట్లం వేయండి. నంబరును పెన్సిల్‌తో ఎముక మీదే, కంటి గుంత లోపలి వైపు రాయండి. కంటి ఉంగరం, దవడ కీలు దగ్గరి చిన్న ఎముకలు అతికించడం రాకపోతే చిన్న జిప్ కవర్లో వేసి అదే డబ్బాలో ఉంచండి.

మూడు పుర్రెలు అయ్యాక తర్వాతి తల కోసం మస్కోవీ బాతును వెతకండి. మొహం మీద ఎర్రటి బుడిపెలుండే, అరవకుండా బుసకొట్టే బాతు అది. మన మామూలు బాతుకి మూలం మల్లార్డ్ అనే అడవి బాతు అయితే, దీని పూర్వీకులు అమెరికా ఖండానివి. ఎర్ర బుడిపెలు చర్మానివే కాబట్టి పుర్రె మీద వాటి ఆనవాలు కోసం వెతకక్కర్లేదు. వీటిలో మగది ఆడదానికి రెండింతల బరువుంటుంది. మగ తల, ఆడ తల ఒకే ఇంటి మందలోంచి, ఒకే వయసువి అడగండి. అప్పుడు కనబడే తేడాలో తిండి వల్ల వచ్చిందెంత, వయసు వల్ల వచ్చిందెంత అని తల పట్టుకోవాల్సిన పని ఉండదు.